నల్లజీడి గుర్తు

దసరా మరునాడు జడ్చర్ల బస్సు దిగి, సత్తుముద్దల డబ్బా చంకన పెట్టుకుని నేరుగా దుకాణానికే పోయాను. ముందు ఇంటికి పోయి అత్తకు మొహం చూపించాలన్న బుద్ధి కోడళ్లకు ఉండాలి. నాకది మొదటినుంచీ కొంచెం తక్కువే. పుట్టింట్లో బతుకమ్మ ఆడినన్ని రోజులూ నా మనసు పాలమూరు బస్టాండు వెనక ఉన్న మా ఇరుకు రేడియో దుకాణం మీదే ఉంది.

మా ఆయన భిక్షపతి గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక చిన్న వాల్వు పట్టుకుని, దాన్ని ఎండకు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వలేదు. డబ్బా కూడా అందుకోలేదు.

"ఏమైంది?" అన్నాను.

"లోపలికి పోయి చూడు" అన్నాడు.

పోయి చూస్తే నిజానికి నాకు ముచ్చటేసింది. ఎప్పుడూ దుమ్ముకొట్టుకుని ఉండే బల్ల కడిగి ఉంది. దాని మీద తెల్లని గుడ్డ పరిచి, దుకాణంలో ఉన్న వాల్వులన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ బొట్టు. గాజు ఎంత తళతళలాడుతోందంటే వాటిలో నా మొహమే వంకర టింకరగా కనపడుతోంది. ముందు బంతిపూలు, కొడిగట్టిన దీపం.

"అత్తమ్మ దుకాణానికి వచ్చిందా?" అన్నాను సంబరంగా.

"వచ్చింది. ఆయుధపూజ చేసింది. బుడ్లన్నిటికీ కుంకుడుకాయ రసంతోటి తలంటు పోసింది" అన్నాడు.

గబగబా ఒక వాల్వు తీసి తిప్పి చూశాను, దాని మీద ఒక్క అక్షరం లేదు.

ఆ కాలపు రేడియోలు తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. రేడియో లోపల చిన్న చిన్న గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో పని. ఒకదాని జాగాలో ఇంకొకటి పెడితే సెట్టు పలకదు, పైగా ఆ పెట్టిన వాల్వు అక్కడికక్కడే కాలిపోతుంది. పెద్దవాటిని లోపలి రేకుల తీరు చూసి పోల్చుకోవచ్చు. బొటనవేలంత ఉండే చిన్నవి మాత్రం కవలపిల్లల్లా ఒకే తీరుగా ఉంటాయి. ఏది ఏదో చెప్పేది వాటి మీద రంగుతో అచ్చువేసిన నాలుగు అక్షరాలే. ఆ రంగు ఎంత కచ్చాదంటే తడివేలు తగిలినా లేచిపోతుంది. అందుకే మా ఆయన వాటిని పురిటిబిడ్డల్లా పట్టుకునేవాడు. కొన్ని అట్టడబ్బాల్లో, కొన్ని నంబరు రాసిన కాగితం చుట్టి పెట్టేవాడు.

"డబ్బాలేవి?" అన్నాను. "కాగితాలు?"

"చెత్త అనుకుంది. నీళ్లు కాగబెట్టనీకి పొయ్యిల పెట్టింది."

నేను ఆయన పక్కన గడప మీద కూలబడ్డాను. ఆ వాల్వులు ఒక్కనాడు కొన్నవి కావు. హైదరాబాద్ నుంచి ఒకటీ అరా తెప్పించినవి కొన్ని. తుక్కుకు పోయే సెట్లు బేరమాడి తెచ్చి, వాటిలో ప్రాణమున్న వాల్వులు పీకి దాచినవి ఎక్కువ. మా పెళ్లికి ముందు నుంచి పోగేసిన సరుకు అది. వాల్వులు లేకపోతే రేడియో బాగుచేసేవాడి దగ్గర ఉండేవి రెండు చేతులూ ఒక పటకారే.

"అత్తమ్మకు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె?" అన్నాడు. అంతే.

ఆయన బాధ నాకు తెలుసు. మాది చాకలి ఇల్లు. మా అత్త మైసమ్మ చేతిలో పడితే ఏ మరకైనా దిగాల్సిందే. పాలమూరులో పెద్ద పెద్ద ఇళ్ల బట్టలు, దవాఖాన చద్దర్లు ఆమే ఉతికేది. కొడుకు దుకాణం పెట్టి మూడేళ్లయినా ఆమె ఆ మెట్టు ఎక్కలేదు. నెత్తిన మూటతో ఎదురుగుండా పోతూ తల తిప్పుకునేది. చాకలిదాని మూట కనపడితే గిరాకీ తగ్గుతుందని ఆమె భయం. కొడుక్కు నామోషీ అని లోపల లోపల ఒక నొప్పి కూడా. ఎన్నిసార్లు పిలిచినా రానిది, ఈసారి నేను ఊళ్లో లేనని, "దసరానాడు దీపమన్న పెట్టిపో అమ్మా" అని ఆయన బతిమాలితే వచ్చింది. వచ్చింది కనుక తన ప్రేమంతా, తన పనితనమంతా చూపించిపోయింది.

మాటల్లోనే ఆమె వీధి చివర కనపడింది. ఖాళీ చేతులతో, కొత్తచీరలో. మొదటిసారి తలెత్తుకుని దుకాణం ముందర నిలబడింది.

"ఎట్లున్నయ్ కొడుకా నీ బుడ్లు? ఎన్ని దినాల మురికే అది! రుద్దంగ రుద్దంగ పోయింది" అంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "మంచిగున్నయమ్మా" అన్నాడు. "కండ్లు జిగేల్మంటున్నయ్."

ఆమె మొహంలో వెలుగు చూసి నేను సత్తుముద్దల డబ్బా మూత తీశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

*

మేము సామాను తెప్పించుకునే పద్ధతి వేరే. పట్నంలో మా ఆయనకు పని నేర్పిన సేటు ఒకాయన ఉండేవాడు. వాల్వు కాలిపోతే ఆ కాలినదాన్నే పాలపొడి డబ్బాలో వడ్లఊక పోసి, మధ్యలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి, పొద్దుటి బస్సు కండక్టరు కాటమయ్య చేతికిచ్చేవాళ్లం. సేటు డబ్బా విప్పి, చచ్చినదాని నంబరు చూసి, అలాంటిదే కొత్తది అదే ఊకలో పెట్టి పంపేవాడు. చచ్చినదాన్ని కూడా వెనక్కి పంపేవాడు. ఏది కొత్తదో తెలియడానికి దాని కాళ్లకు ఎర్రదారం చుట్టేవాడు.

ఈసారి మా ఆయన చెరిగిపోయిన వాల్వులు కొన్ని డబ్బాలో పెట్టి, ఇవి ఏవేవో చెప్పమని, కొత్తవి ఏమైనా ఉంటే పంపమని కబురంపాడు. ఆ డబ్బా తిరిగివచ్చేలోపల సరిహద్దులో చైనావాళ్లతో యుద్ధం మొదలైంది.

ఊరు ఊరంతా రేడియోల మీద పడింది. పెళ్లిలో కట్నంగా వచ్చినప్పటి నుంచి బట్టకప్పి ఉంచిన సెట్లు కూడా బయటికి తీశారు. సగం పలకలేదు. అన్నీ మా దుకాణానికే వచ్చాయి. ఇన్నాళ్లు గిరాకీ లేదని ఈగలు తోలుకున్న మనిషి ముందు, ఇప్పుడు సెట్ల మీద సెట్లు. చేయడానికి చేతనైన పనే. చేయి పెట్టే వీలు లేదు. తీగ తెగినవి, అతుకు ఊడినవి బాగుచేసి పంపేవాడు. వాల్వు పోయినవాటిని గోడవారకు పెట్టి, "పట్నం నుంచి రావాలె" అనేవాడు. జనం గొణుక్కుంటూ పోయేవాళ్లు.

కాటమయ్య డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సేటు మస్తు కోపమైండు అన్నా" అన్నాడు. "నంబరు లేని వాల్వు చూసి పేరు చెప్పనీకి నేనేమన్న జోస్యం చెప్పేటోన్నా అన్నడు. కొత్తయి అడగొద్దన్నడు. బయటి దేశం నుంచి రావుడు బందైందట, ఉన్నయన్ని పటాలానికే పోతున్నయట."

మా ఆయన ఊకలో చేయి పెట్టి వెతికాడు. ఎర్రదారం తగలలేదు.

"ఇంకో మాట అన్నడు" అన్నాడు కాటమయ్య, నావైపు ఒకసారి చూసి. "పని దండిగుందట. నిన్నొచ్చి తన దుకాణంల కూసొమ్మన్నడు. కార్తీక పున్నం దాక చూస్తనన్నడు."

ఆ సాయంత్రమే మా ఆయన దుకాణం యజమాని రామచంద్రం దగ్గరికి పోయి, పున్నం తర్వాత జాగా ఖాళీ చేస్తానని చెప్పివచ్చాడు. నన్ను అడగలేదు. వచ్చి చెప్పాడు.

"నేను రాను" అన్నాను.

"రాకుంటే ఏం చేస్తవే?"

"ఈడనే ఉంట. పట్నంల ఎవని దుకాణంలనో నువ్వు పటకారు పట్టుకొని వంగి కూసుంటే, నేను ఒక అర్రల కూసొని నల్లానీళ్లకు బిందె మీద కొట్లాడాల్నా? అత్తమ్మ ఈ చద్దర్లు విడిచిపెట్టి వస్తదా? ఎవనికోసం పెట్టినవ్ ఈ దుకాణం?"

"వాల్వులు లేవే అండాలూ!" అని అరిచాడు. ఆయన అరవడం అరుదు. "ఉన్నయ్ కాని లేవు. నా కండ్ల ముందరనే ఉన్నయ్, ముట్టనీకి లేదు."

"అయితే అత్తమ్మకు అసలు సంగతి చెప్పి పో."

"చెప్పినవంటే ఊకోను" అన్నాడు. "గిరాకీ లేదు, పోతున్న అని చెప్త. అంతే."

దుకాణం ముందర మనుషులు సెట్లు పట్టుకుని వరసకట్టి ఉంటే, గిరాకీ లేదని తల్లిని నమ్మించాలట! మగవాళ్లు అబద్ధం కూడా సరిగ్గా ఆడలేరు.

*

యోహాను పంతులు వచ్చింది ఆ తర్వాతే. అమ్రాబాద్ దిక్కున అడవి అంచు ఊళ్లో బడి చెప్పేవాడు. ఆ ఊరి పంచాయతీ రేడియో ఆయన సంరక్షణలోనే ఉండేది. కరెంటు లేని ఊరు, బ్యాటరీ సెట్టు. దాన్ని గొంగడిలో చుట్టి, బస్సు మీద వేస్తే ఎగిరిపడుతుందని దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయన చొక్కా నిండా ఎర్రదుమ్ము.

"భిక్షపతీ, ఇది పలకాలె" అన్నాడు గొంగడి విప్పుతూ. "మా ఊరి పిల్లగాండ్లు ఇద్దరు పటాలంల ఉన్నరు. ఒకడు మా జానమ్మ కొడుకు, ఒకడు బిక్షమ్మ కొడుకు. వాండ్ల తల్లులు పొద్దుగూకంగనే వచ్చి ఈ డబ్బ ముందర కూసుంటున్నరు. పలుకుత లేదన్నా పోరు. నేనేం చెప్పాలె వాండ్లకు?"

మా ఆయన వెనకరేకు విప్పి చూశాడు. అన్నీ బాగున్నాయి, ఒక్క చిన్న వాల్వు పోయింది.

"నా తాన ఇది ఉన్నది సారూ" అన్నాడు. "కాని ఏదో తెల్వది."

యోహాను పంతులుకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆయన బల్ల మీది వాల్వుల వంక చూసి, "ఒకటి పెట్టి చూడరాదూ" అన్నాడు.

మా ఆయన బుడ్డీలు ఒక్కొక్కటే లోపలి రేకులు చూసుకుంటూ పక్కకు పెట్టాడు. చివరికి అంచనా మీద ఒకటి ఏరి, దాని కాళ్లు తుడిచి సెట్టులో కూర్చోబెట్టాడు. మీట తిప్పాడు. వాల్వు లోపల ఒక్కసారి నీలంగా మెరిసింది. అంతే. మళ్లీ మసక.

ఆయన ఆ వాల్వు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా ఇంటి పని, మా కళ్ల ముందర ఇలా గుడ్డిదైపోవడం నాకు పట్టరాని కోపం తెచ్చింది.

"ఇంకొకటి పెట్టను సారూ" అన్నాడు మా ఆయన. "ఒక్కోటి సంపుకుంట పోతే ఏం మిగులుతది?"

"సెట్టు ఈడనే ఉంచు" అన్నాడు యోహాను పంతులు. "మా అక్క ఇల్లు ఈ ఊర్లనే. రేపు సుత ఉంట. ఉత్త చేతులతోటి నేను ఆ తల్లుల ముందటికి పోను."

*

తెల్లారి మా ఇంటి వెనక దొడ్లో అత్త బాన ఎక్కించింది. చలి మొదలైన రోజులు. మూడు రాళ్ల మీద నల్లని బాన, సవుడు నీళ్లలో దవాఖాన చద్దర్లు కుతకుత ఉడుకుతున్నాయి. తాడు మీద ఆరేసిన చద్దర్ల మధ్య ఆవిరి పొగమంచులా నిలిచిపోయింది. అత్త కట్టెతో బట్టలు తిప్పుతోంది.

నేను కొంగులో ఒక వాల్వు చుట్టుకుని పోయాను. ఊకోను అన్న మొగుడి మాట నాకు గుర్తుంది. అయినా పోయాను. దాచిపెట్టి ఆయన చేస్తున్నది మర్యాద కాదని, ఆమెను పరాయిదాన్ని చేయడమేనని రాత్రంతా అనిపిస్తూనే ఉంది.

"అత్తమ్మా, ఒక మాట. జర ఆగి ఇను" అన్నాను.

చెప్పేశాను. నంబర్ల సంగతి, డబ్బాల సంగతి, సేటు కబురు, పున్నం గడువు, నిన్నటి సెట్టు, మొత్తం. వాల్వు తీసి చూపిస్తూ చెప్పాను. ఆమె కట్టె తిప్పడం ఆపలేదు. నేను చెప్పడం అయిపోయాక ఆపింది.

"మంచిగున్నయన్నడు గదే వాడు" అంది.

"నీ మనసు నొస్తదని."

"పట్నం పోత అంటున్నది గందుకేనా?"

"గందుకే."

ఆమె మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు వచ్చింది ఏడుపు కాదు.

"నేను ఉతికిన చీర చినిగితే ఆ వకీలు పెండ్లాం నా మొగం మీద ఇసిరికొట్టింది. గది సుత సైసిన. నా పనిల తప్పు నాకు చూపిచ్చింది అనుకున్న. నా కడుపుల పుట్టినోడు నేను చెడగొట్టింది నాకు చెప్పనీకి భయపడ్డడా? నన్ను అంత పనికిరానిదాన్ని చేసిండా?"

వాల్వు పట్టుకున్న చేయి అలాగే ముందుకు చాపి నిలబడ్డాను, బాన మీది ఆవిరికి అడ్డంగా. అత్త చూపు దాని మీద పడింది. కళ్లు చిట్లించింది.

"ఇటు తే" అంది.

తడి చేతిని కొంగుకు తుడుచుకుని, వాల్వు కొన పట్టుకుని, బాన మీద ఎత్తున పట్టింది. కొంచెం కిందికి దింపింది. గాజు మీద ఆవిరి తెల్లగా పట్టింది. ఒక్క జాగాలో మాత్రం పట్టలేదు. ఆ జాగాలో సన్నగా, వంకరగా ఏవో గీతలు.

"ఏందే అది? నాకు అచ్చరాలు రావు" అంది.

నాకు వచ్చిన ఇంగ్లీషు ఆ డబ్బాల మీద చూసి నేర్చుకున్నదే. అయినా చదవగలిగాను. ఆవిరి ఆరింది, అక్షరాలు పోయాయి. మళ్లీ పట్టింది, మళ్లీ వచ్చాయి.

"దవాఖాన చద్దరు మీది నెత్తురు మరక గిట్లనే" అంది అత్త, ఏమీ వింత కానట్టు. "ఆరినంక చూస్తే పోయిందనుకుంటం. తడి తగిలితే మల్ల పొడసూపుతది. పో, వాన్ని పిలుసుకరా. బుడ్లన్ని తెమ్మను. మెల్లగ తెమ్మను."

*

మా ఆయన రెండు తట్టల్లో ఊక పోసి వాల్వులన్నీ తెచ్చాడు. నావైపు చూసిన చూపులో కోపం ఉంది. బాన ముందర నిలబడ్డ తల్లిని చూడగానే అది దిగిపోయింది. ఏదో చెప్పబోయాడు.

"తర్వాత చెప్దువు" అంది అత్త. "ముందు చదువు."

"వేడి తగిలితే పగుల్తదమ్మా."

"పట్టు చీరకు ఎంత ఆవిరి పెట్టాల్నో, గొంగడికి ఎంత పెట్టాల్నో నాకు తెల్వదా? దూరం నుంచి చూపిస్త. నువ్వు చదువు."

అలా మొదలైంది. అత్త ఒక్కో వాల్వును మెత్తని గుడ్డతో పట్టుకుని ఆవిరికి చూపించేది. అక్షరం మెరిసి మాయమయ్యేలోపల ఆయన చదివేవాడు. కొన్ని వెంటనే పలికేవి. కొన్ని మొండికేసేవి. అటు ఇటు తిప్పి, ఎండకు ఏటవాలుగా పట్టి, మళ్లీ మళ్లీ ఆవిరి చూపిస్తే గానీ ఒక్క గీత చూపించేవి కావు. కొన్ని అసలే చెప్పలేదు. అత్త వాటిని మరీ గట్టిగా రుద్దినట్టుంది. వాటిని వేరే కుండలో వేశాం.

చదివినదానికి కాగితం చుట్టబోయాను. అత్త నా చేయి పట్టుకుంది.

"కాయిదం ఏం నిలుస్తదే? తడిస్తే పాయె, ఎలుక కొడితే పాయె. నా ఎసొంటిది పొయ్యిల పెడితే పాయె" అంది. లోపలికి పోయి తన పాతచీర ఒకటి, చిన్న మట్టిముంత ఒకటి తెచ్చింది.

ముంతలో నల్లజీడి గింజలు. ఇళ్ల బట్టలు కలిసిపోకుండా మేము వాటితోనే గుర్తు పెట్టేవాళ్లం. గింజను సూదితో పొడిస్తే నల్లని జిడ్డు వస్తుంది. దానితో బట్ట మూలన గీత గీసి, పైన తడిసున్నం అద్దితే ఇక బట్ట చిరిగిపోవాల్సిందే గానీ ఆ గుర్తు పోదు. చేతికంటితే బొబ్బలెక్కుతుంది. అత్త వేళ్ల మీద ఆ మచ్చలు ఎన్నో. ఆమె చీర అంచు సన్నని పేలికలుగా చింపి నా ముందర వేసింది.

"ఇదేం రకం?" అని మొదటి వాల్వు చూపించి కొడుకుని అడిగింది.

ఆయన ఇంగ్లీషు అక్షరాలు చెప్పాడు.

"గది నాకు రాదు. గిసొంటివి ఎన్నున్నయ్?"

"అవే ఎక్కువ."

"ఎక్కువంటే దవాఖాన. దవాఖాన బట్టలే నాకు ఎక్కువ" అని పేలిక మీద అడ్డం, నిలువు రెండు గీతలు గీసింది. "దీనికి దవాఖాన గుర్తు. మల్లోటి?"

ఇంకోరకం వాల్వుకు వకీలు ఇంటి గుర్తు, రెండు చుక్కలు. మరోదానికి తాసిల్దారు ఇంటి గుర్తు, మూలగీత. కిరాణా దుకాణంవాళ్లది, డాక్టరమ్మది, మూతపడ్డ బంగళా దొరసానిది. ఆమె ఉతికిన ఇళ్లన్నీ మా వాల్వులకు పేర్లయ్యాయి. నేను పేలికలు కట్టాను. మా ఆయన ఆ ఇళ్ల పేర్లన్నీ బడిపిల్లవాడిలా వల్లెవేసుకున్నాడు. మధ్యలో ఒకసారి తల్లి వేళ్ల మీద కొత్తగా లేచిన బొబ్బ చూసి, "అమ్మా, నాకు చెప్పుడు చేతకాలే" అన్నాడు.

"అవ్" అంది ఆమె. "చేతకాలే. ఆ బుడ్డి అందుకో."

యోహాను పంతులు ఎప్పుడు వచ్చాడో, చద్దర్ల పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆయనకు కావలసింది దవాఖాన గుర్తుదే అయింది. మా ఆయన సెట్టును దొడ్లోకే తెచ్చి వాల్వు కూర్చోబెట్టాడు. మీట మీద వేలు పెట్టి ఆగాడు.

"తిప్పు" అన్నాను. "ఆవిరి అబద్ధం చెప్పదు."

తిప్పాడు. నీలపు మెరుపు రాలేదు. గరగర అంది, దగ్గింది, ఎక్కడిదో పాట ముక్క వినిపించింది. యోహాను పంతులు చేతులు రెండూ మొహం మీద పెట్టుకుని, "స్తోత్రం ప్రభువా" అన్నాడు. తర్వాత గొంగడి తీసి సెట్టు చుట్టుకోవడానికి ఎంత తొందరపడ్డాడంటే, పాట గొంగడిలోనే ఇంకొంతసేపు మోగింది.

నేను బాన పక్కకు పోయి ఏడ్చాను. ఆవిరి కళ్లలో పడిందని చెప్పుకున్నాను, ఎవరూ అడగకపోయినా.

మా ఆయన ఆ పూటే రామచంద్రం దగ్గరికి పోయి, జాగా ఖాళీ చేయనని చెప్పి వచ్చాడు. కార్తీక పున్నంనాడు మా దుకాణం ముందర దీపాలు నేనే పెట్టాను. లోపల బల్ల దగ్గర అత్తకు ఒక పీట వేశాం. పొద్దున ఉతుకు పని ముగించి, మధ్యాహ్నం మూటతో వచ్చి కూర్చునేది. మూటను దుకాణం ముందరే దించేది. దాని వల్ల ఒక్క గిరాకీ కూడా తిరిగిపోలేదు. మా ఆయన సెట్టులోకి తలదూర్చి, "అమ్మా, వకీలు కాలిపోయిండు, ఇంకో వకీలును తియ్యి" అంటే, ఆమె తల ఎత్తకుండానే తీసి ఇచ్చేది. బయట నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఒకనాడు నిజం వకీలే తన సెట్టు కోసం వచ్చి ఆ మాట విన్నాడు. ఆయనకు మేము ఏమీ విడమరచి చెప్పలేదు.

యుద్ధం ఆగిందని వార్త వచ్చాక, చలి బాగా ముదిరిన రోజుల్లో, కాటమయ్య పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "సేటు పంపిండు. సరుకు మల్ల వస్తున్నదట" అన్నాడు. మా ఆయన ఊకలో చేయి పెట్టాడు. ఎర్రదారం తగిలింది. కొత్త వాల్వు పైకి తీశాడు. గాజు మీద తెల్లని అచ్చు కొట్టొచ్చినట్టు మెరుస్తోంది. పండుగనాటి పిల్లవాడిలా దాన్ని తల్లికి చూపించాడు.

"ఏ ఇంటిది?" అంది అత్త.

"దవాఖానదే అమ్మా."

ఆమె దవాఖాన గుర్తు ఉన్న పేలిక ఒకటి తీసి, వాల్వు మెడకు కట్టి, ముడి బిగించి చూసుకుంది. ఆ తర్వాత బొటనవేలు నాలుకకు తడిచేసుకుని, ఆ తెల్లని అచ్చు మీద ఒక్క రుద్దు రుద్దింది. మా ఆయన "అమ్మా!" అని కేకేసే లోపలే అక్షరాలు ఆమె వేలికి వచ్చేశాయి.

"చూసినవా, ఇది పక్కా రంగు కాదు" అని ఆమె వాల్వును దాని జాగాలో పెట్టింది.